ఆ హోరు ఎంతో డబ్బా మీద రాయించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,



గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం నాది. కందిపప్పు ధర మొదలుకొని బంగారం మీద హాల్‌మార్క్ దాకా మీ శాఖ చూసే వ్యవహారాల పక్కన నేను రాయబోయే సంగతి మరీ చిన్నది. డెస్క్‌టాప్ కంప్యూటర్ క్యాబినెట్‌లో ఒక మూల ఉండే కరెంటు డబ్బా, మా బజారులో అందరం ఎస్ఎంపీఎస్ అనుకునేది, అందులోని ఫ్యాన్ చేసే చప్పుడు గురించి ఈ ఉత్తరం. దీనికోసం ఢిల్లీ దాకా ఎందుకని నవ్వుకునేవాళ్లు ఉంటారు. డబ్బా మీద ఏం అచ్చు వేయాలో చెప్పే అధికారం, రిపేరు హక్కు గురించి మాట్లాడే బాధ్యత, ప్రమాణాలు రాసే బ్యూరో, మూడూ మీ మంత్రిత్వ శాఖ గొడుగు కిందే ఉన్నాయి. అందుకని మీకే రాస్తున్నాను.

"బాబూ, సిస్టమ్ ఆన్ చేస్తే పిండిమర పెట్టినట్టుంది, కాస్త చూడు" అంటూ వచ్చే ప్రెస్సుల వాళ్లు మాకు కొత్త కాదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద పనిచేసే డీటీపీ సెంటర్లు పాత సిస్టమ్‌ను అంత తేలిగ్గా వదలవు. కొత్త మెషిన్ కొంటే పాత ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటాయో లేదోనని భయం. మాఘమాసం వచ్చిందంటే శుభలేఖల పని రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తుంది. ఆపరేటరు మోకాలి పక్కనే క్యాబినెట్. ఆ హోరు చెవిలో పెట్టుకునే పేర్లలో అచ్చుతప్పులు వెతకాలి పాపం.

మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్ల నుంచి వచ్చే డబ్బాలది ఇంకో కథ. మూత తీసే ముందు ముక్కుకు రుమాలు కట్టుకోవాలి. ఫ్యాన్ రెక్కల అంచున ఎర్రటి ధూళి పేరుకుని గట్టిపడి ఉంటుంది. ఏడు రెక్కల్లో ఒకదాని మీద ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ. బరువు ఒక పక్కకు ఒరిగితే తిరుగుడులో అదురు పుడుతుంది. ఆ అదురు నాలుగు మరల గుండా క్యాబినెట్ రేకుకు పాకి, రేకు మొత్తం గూం అంటుంది. ప్రెస్సు నుంచి వచ్చినదానిలో కాగితపు నూగు, ఇంట్లో దేవుడి గదికి దగ్గరగా ఉన్నదానిలో అగరుబత్తి పొగ జిడ్డు, అన్నింటిలోనూ బొద్దింకలు. ఎక్కడి సిస్టమో చెప్పకపోయినా మూత తీస్తే తెలిసిపోతుంది.

అసలు ఆ డబ్బాకు ఫ్యాన్ ఎందుకో ముందు చెప్పాలి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును అది 12, 5, 3.3 వోల్టులుగా మార్చి బోర్డుకు, డిస్కులకు ఇస్తుంది. ఆ మార్పులో కొంత విద్యుత్తు వేడిగా పోతుంది. ఎంత పోతుందన్నదే అసలు సంగతి. సిస్టమ్ 200 వాట్లు లాగుతోందనుకోండి. 70 శాతం సామర్థ్యం ఉన్న నాసి డబ్బా గోడ నుంచి సుమారు 286 వాట్లు తీసుకుని 86 వాట్లను వేడి చేస్తుంది. 90 శాతం సామర్థ్యం ఉన్నదైతే 222 తీసుకుని 22 వాట్లే వృథా చేస్తుంది. అదే పనికి నాసిదానిలో దాదాపు నాలుగింతల వేడి. దాన్ని బయటికి నెట్టాలంటే ఫ్యాన్ గిరగిరా తిరగక తప్పదు. కాబట్టి చప్పుడంటే బేరింగు ఒక్కటే కాదు, కరెంటు బిల్లు కూడా. ఈ ముక్క కొనేవాడికి ఎవరూ చెప్పరు.

ఫ్యాన్ పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. పాత డబ్బాల్లో వెనకవైపు 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ ఉండేది. ఇప్పుడు చాలావాటికి అడుగున 120 మిల్లీమీటర్లది పడుకోబెట్టి బిగిస్తున్నారు. పెద్ద ఫ్యాన్ తక్కువ వేగంతోనే అంత గాలినీ తోలుతుంది. వేగం సగానికి తగ్గితే చప్పుడు 15 డెసిబెళ్ల దాకా పడిపోతుంది. పది డెసిబెళ్లు తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది. ఇది మంచి మార్పే. అయితే ఆ పడుకోబెట్టడంలో ఒక మెలిక ఉంది. చవక ఫ్యాన్లలో ఉండేది బుష్ బేరింగ్. నూనె పీల్చుకున్న చిన్న లోహపు గొట్టం, అందులో తిరిగే ఇరుసు, అంతే. ఫ్యాన్ నిలబడి ఉన్నంతకాలం అది బాగానే నడుస్తుంది. పడుకోబెడితే ఇరుసు నిట్టనిలువుగా నిలుస్తుంది, నూనె ఒక కొసకు జారుతుంది, పైగా లోపలి వేడికి ఎండిపోతుంది. మా ఊళ్లో మే నెలలో గదిలోనే ఉడికిపోతాం, డబ్బా లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. బాల్ బేరింగ్ ఫ్యాన్ ఎక్కువకాలం మన్నుతుంది గానీ ముసలిదైతే గరగరలాడుతుంది. ఫ్లూయిడ్ బేరింగ్ అయితే చప్పుడూ తక్కువ, ఆయుష్షూ ఎక్కువ. మీరు కొన్న డబ్బాలో ఈ మూడింటిలో ఏది ఉందని అడిగితే, అమ్మినవాడికీ తెలియదు.

చప్పుడును బట్టి జబ్బు చెప్పొచ్చు. దీన్ని నేను ఎవరికైనా ఊరికే నేర్పుతాను, ఎందుకంటే సగం బేరాలు అసలు ఎస్ఎంపీఎస్‌వి కావు. దినపత్రికను గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, రెండోది డబ్బా జాలీకి దగ్గరగా పెట్టండి. తర్వాత ప్రాసెసర్ ఫ్యాన్ దగ్గర. ఎక్కడ గట్టిగా వినిపిస్తే దొంగ అక్కడున్నాడు. టకటకమని లయగా కొడుతుంటే లోపలి వైరో, ట్యాగో రెక్కకు తగులుతోంది. పొద్దున ఆన్ చేయగానే బుర్రుమని, ఐదు పది నిమిషాలకు వేడెక్కి సర్దుకుంటే బుష్‌లో నూనె ఆరిపోతోంది. ఎంతసేపటికీ ఆగని గరగర అయితే బేరింగు అరిగిపోయింది, దానికిక మందు లేదు. చేత్తో క్యాబినెట్ పక్క రేకును నొక్కగానే ఆగే చప్పుడుకు ఒక మర బిగిస్తే చాలు, మరమ్మతు ఖర్చు సున్నా. ఇక సన్నగా ఈలలాంటి కూత, మౌస్ చక్రం తిప్పినప్పుడో ఆట ఆడుతున్నప్పుడో శ్రుతి మారేది, ఫ్యాన్‌ది కానే కాదు. అది తీగచుట్ల కంపనం. ఫ్యాన్ మార్చినా పోదు. దాన్ని ఫ్యాన్ చప్పుడని చెప్పి డబ్బు తీసుకునే మెకానిక్ ఉంటే, ఆయన మా వృత్తికి చెడ్డపేరు.

ఇప్పుడు నూనె సంగతి. ఫ్యాన్ నడిమధ్య ఉండే కాగితం స్టిక్కరును సగం లేపితే కింద చిన్న రబ్బరు బిరడా ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. అక్కడ కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, రెక్కలను వేలితో నాలుగు చుట్లు తిప్పి, స్టిక్కరు మళ్లీ అతికిస్తాం. స్టిక్కరు కింద జిడ్డు తుడవకపోతే అది అతుక్కోదు, ఊడిపోయి రెక్కల్లో పడుతుంది. ఈ వైద్యం పని చేస్తుంది, కొన్నాళ్లు. అరిగిన లోహాన్ని నూనె తిరిగి తేలేదు కదా. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోసి తెచ్చేవాళ్లున్నారు. చలికాలం పొద్దున్నే సీసాలో గడ్డకట్టే నూనె ఇరుసు దగ్గర మాత్రం ఎందుకు గడ్డకట్టదు? అది దుమ్ముతో కలిసి బంకవుతుంది. ఆ బంక గీకి తీయడంకన్నా కొత్త ఫ్యాన్ వేయడం నయం.

ఈ పనంతా చదివి ఎవరూ ఇంట్లో డబ్బా మూత విప్పకూడదు. ఈ మాట పెద్ద అక్షరాల్లో రాయాలని ఉంది. 230 వోల్టుల ఏసీ కరెంటును డీసీగా మార్చినప్పుడు లోపలి పెద్ద కెపాసిటర్ దగ్గర 325 వోల్టుల దాకా నిలుస్తుంది. పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవాటిలో 380, 400 దాకా కూడా. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా అది కాసేపు అలాగే ఉండొచ్చు. ఎంతసేపన్నది లోపలి రెసిస్టర్ బాగున్నదా పోయిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది బయటినుంచి కనపడదు. జాలీలోంచి పుల్ల పెట్టి ఫ్యాన్‌ను ఆపి చూసేవాళ్లకూ, చీపురుపుల్లతో దుమ్ము కెలికేవాళ్లకూ ఇదే దణ్ణం. ఇంట్లో చేయదగ్గది ఒకటే: ప్లగ్ తీసేసి, బయటినుంచి బ్లోయరుతో దుమ్ము ఊదించడం. అదీ కొద్దికొద్దిగా. గాలి ఒత్తిడికి ఫ్యాన్ తన వేగాన్ని మించి తిరిగితే బేరింగు ఇంకా చెడుతుంది.

ఇంకో సంగతి కూడా మా దగ్గరికి వచ్చేవాళ్లకు పదేపదే చెప్పాల్సి వస్తోంది. గోలగోలగా ఉన్న ఫ్యాన్ ఒకరోజు ఉన్నట్టుండి నోరుమూసుకుంటే అది బాగుపడినట్టు కాదు, ఆగిపోయినట్టు. "దానంతటదే తగ్గిపోయిందన్నా" అని సంతోషంగా ఫోన్ చేసిన కుర్రాడికి, వెనక జాలీ దగ్గర చెయ్యి పెట్టి గాలి వస్తోందేమో చూసి, రాకపోతే వెంటనే సిస్టమ్ ఆపమని చెప్పాను. రావడం లేదు. గాలి ఆడకపోతే లోపలి ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు ఉడికిపోతాయి. పది డిగ్రీల వేడి పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాడికీ తెలుసు. మంచి డబ్బా అయితే వేడి హద్దు దాటగానే తనంతట తాను ఆగిపోతుంది. నాసిదైతే పోతూపోతూ మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్క్‌నూ వెంటపెట్టుకుపోతుంది. డిస్కులో ఉన్న పెళ్లి ఫోటోలకు వారంటీ ఉండదు.

ఇక మీ శాఖకు సంబంధించిన భాగం.

చెడిపోయేది ఫ్యాన్. 12 వోల్టుల ఫ్యాన్, మా బజారులో వందా రెండు వందల రూపాయల సరుకు. మారుస్తున్నది మాత్రం మొత్తం డబ్బాను. గోటితో పోయేదానికి గొడ్డలి వాడుతున్నాం. ఎందుకంటే చాలా డబ్బాల్లో ఫ్యాన్ వైర్లను నేరుగా బోర్డుకు సోల్డరింగ్ చేస్తారు, ఊడదీసి పెట్టే పిన్ను ఉండదు. మూత మర మీద "తీస్తే వారంటీ చెల్లదు" అని స్టిక్కరు ఉంటుంది. అదే రకం ఫ్యాన్ విడిగా ఎక్కడ దొరుకుతుందని కంపెనీ సేవాకేంద్రాన్ని అడిగితే, విడిగా ఇవ్వం అంటారు. మా దగ్గర దొరికే ఏదో ఒక ఫ్యాన్ వేద్దామా అంటే, చప్పుడు తక్కువని నెమ్మదైనది వేస్తే గాలి చాలదు, కెపాసిటర్లు మాడతాయి. ఎంత గాలి తోలాలో డబ్బా మీద రాసి ఉండదు. చివరికి ఖాతాదారు విసిగి, ఇంకో చవక డబ్బా కొనుక్కుపోతాడు. పాతది, లోపల రాగి, అల్యూమినియం, బాగున్న బోర్డు అన్నీ ఉండగానే, తుక్కు బండి ఎక్కుతుంది. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. తుక్కు అయ్యాక ఏం చేయాలో అవి చెబుతున్నాయి. తుక్కు కాకుండా చూడటం మీ వంతు.

కొనేటప్పుడైనా తెలుస్తుందా అంటే, అదీ లేదు. డబ్బా మీద వాట్లు అంగుళం ఎత్తు అక్షరాల్లో ఉంటాయి. 450 అని రాసి ఉన్నదాన్ని ఎత్తితే కొన్నిసార్లు ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది, ఆ అంకె మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది. ధర, తయారీ నెల, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుకు ఎవరిని పిలవాలి, ఇవన్నీ మీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల పుణ్యమా అని ఉంటాయి. ధన్యవాదాలు. చప్పుడు ఎంతో మాత్రం ఉండదు. "సైలెంట్ ఫ్యాన్" అని ఉంటుంది. ఎన్ని డెసిబెళ్లుంటే సైలెంటో చెప్పాల్సిన పని ఎవరికీ లేదు.

చప్పుడు కొలవలేనిదేం కాదు. కంప్యూటర్ సామగ్రి చప్పుడును ఎలా కొలవాలో ఐఎస్ఓ 7779 అనే అంతర్జాతీయ ప్రమాణం ఎప్పుడో చెప్పింది. కొలిచినదాన్ని ఎలా ప్రకటించాలో ఐఎస్ఓ 9296 చెప్పింది. సామర్థ్యానికి 2004లో అమెరికాలో మొదలైన 80 ప్లస్ గుర్తు ఉంది, అది దక్కాలంటే 20, 50, 100 శాతం లోడుల దగ్గర కనీసం 80 శాతం సామర్థ్యం చూపాలి. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ ల్యాబ్ ఈ డబ్బాలకు అచ్చంగా చప్పుడును బట్టే ర్యాంకులు ఇస్తోంది. 15 డెసిబెళ్లలోపు ఉంటే అన్నిటికన్నా పై ర్యాంకు. ఐరోపాలో ఫ్రిజ్ మీద అతికించే లేబుల్‌లో కరెంటు ఖర్చు పక్కనే డెసిబెళ్లు కూడా కనిపిస్తాయి. మన దగ్గర కూడా డీజిల్ జనరేటర్‌కు మీటరు దూరంలో 75 డెసిబెళ్లు మించకూడదని హద్దు ఉంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటితే 45 డెసిబెళ్లు మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. వీధికి హద్దు గీసిన దేశం, మోకాలి పక్కన పెట్టుకునే వస్తువు చప్పుడు ఎంతో అచ్చు వేయమని అడగలేదా?

హద్దు పెట్టమని నేను అడగడం లేదు. చెప్పమంటున్నాను, అంతే. సగం లోడులో, పూర్తి లోడులో ఎన్ని డెసిబెళ్లో డబ్బా మీద ఉండాలి. ఫ్యాన్ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ బేరింగు, ఎంత గాలి, ఎంత కరెంటు అన్నది ఒక వరుసలో అచ్చు కావాలి. ఆ ఒక్క వరుస ఉంటే నాలాంటివాడు సరైన ఫ్యాన్ తెచ్చి వేయగలడు. వైర్లు సోల్డరింగ్ కాకుండా పిన్నుతో రావాలి. ఆ ఫ్యాన్ విడిభాగంగా, వారంటీ ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత మరికొన్నేళ్లూ దొరకాలి.

దీనికి కంపెనీలు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. లోపల ప్రమాదకరమైన వోల్టేజీ ఉంది, మూత తీయనిస్తే ప్రాణాలు పోతాయి అంటారు. నిజమే, నేనూ అదే రాశాను. కానీ 12 వోల్టుల ఫ్యాన్‌ను 325 వోల్టుల గదిలోనే బంధించి ఉంచమని ఎవరు చెప్పారు? మధ్యలో ఒక ప్లాస్టిక్ జాలీ పెట్టి, ఫ్యాన్‌ను బయటివైపు నాలుగు మరలతో ఊడివచ్చేలా చేయొచ్చు. పెద్ద సర్వర్లలో నడుస్తున్న మెషిన్ నుంచే ఫ్యాన్‌ను చేత్తో లాగి కొత్తది తోసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. అప్పుడు మూత విప్పాల్సిన అవసరమే రాదు, ప్రమాదమూ తగ్గుతుంది. ఖర్చు పెరుగుతుందంటారా, కొంచెం పెరుగుతుంది. రెండేళ్లకొకసారి డబ్బా కొనే ఖర్చుతో పోల్చి చూసుకోమనండి.

2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మీ శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, ఇంటి ఉపకరణాలు, వాహనాలు అందులోకి వచ్చాయి. మంచి పని. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచే ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్ల మీద మరమ్మతుకు ఎంత అనువో చెప్పే మార్కులు అతికించడం మొదలుపెట్టింది. మన దగ్గర అలాంటి మార్కుల సంగతి వచ్చినప్పుడు అందరి చూపూ ఫోన్ల మీదికే పోతుంది, ఖరీదైన వస్తువు కదా. విడిభాగాలు ఒక్కొక్కటే కొని అసెంబుల్ చేయించుకునే డెస్క్‌టాప్ ఎవరి లెక్కలోకీ రాదు. దానికి ఒక కంపెనీ పేరు ఉండదు, ఒక సేవాకేంద్రం ఉండదు. చిన్న ఊళ్ల ప్రెస్సులు, ట్యూషన్ సెంటర్లు, కమీషన్ కొట్లు, ఇంజనీరింగ్ చదివే పిల్లల గదులు నడిచేది వాటి మీదే.

మీరు నిబంధన తెచ్చేలోగా ఈ ఉత్తరం చదివే కొనుగోలుదారులకు ఒక మాట. దుకాణంలో వాట్లు అడగడంతో ఆపకండి. ఫ్యాన్ ఎంత, బేరింగు ఏది, 80 ప్లస్ ఉందా అని కూడా అడగండి. జవాబు చెప్పలేని దుకాణదారు ఇబ్బంది పడతాడు, పడనివ్వండి. అడిగేవాళ్లు పదిమంది అయితే అతను డీలరును అడుగుతాడు.

మీకు నా విన్నపం ఇది. మరమ్మతుకు అనువైన వస్తువుల జాబితా తయారైనప్పుడు అందులో ఎస్ఎంపీఎస్‌కు కూడా ఒక వరుస ఇవ్వండి. ఆ జాబితా ముసాయిదా మీద అభిప్రాయాలు కోరే ప్రకటనను తెలుగులోనూ వేయండి. మా బజారులో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు చెప్పడానికి చాలా ఉంది.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక కంప్యూటర్ మెకానిక్